సి నిండిపోనాది, ఇ ఖాళీగున్నాది: మన కంప్యూటర్లో గట్లు ఎవులేసినారు?

"బాబాయ్, ఓపాలి మా ఇంటికి రాగలవేటి? కంప్యూటర్ సచ్చిపోయేలాగున్నాది."

ఆదివారం పొద్దున్నే ఫోను. మా కొత్తవలసలో మా వీధి చివరింటి కుర్రోడు. డిగ్రీ రెండో ఏడు. రోజూ రైలెక్కి విశాఖపట్నం ఎల్లి చదువుకొని వస్తాడు. ఆళ్ల నాన్న రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక డెస్క్‌టాప్ కొని ఇంట్లో పెట్టాడు. కొడుకు చదువు, కూతురి టైపింగు, ఇంటి కాయితాలు అన్నీ దాంట్లోనే.

ఎల్లి చూసాను. సి డ్రైవు ఎర్రగా మండిపోతంది. 100 జీబీలో 2 జీబీ మిగిలింది. ఫైలు సేవ్ చేద్దామంటే జాగా లేదంటంది, అప్‌డేట్ ఎక్కదంటంది. షాపాయన్ని అడిగితే "డిస్కు సరిపోటం లేదు, కొత్తది ఎయ్యాల, మూడు వేలవుద్ది" అన్నాడట. మూడు వేలంటే ఆ ఇంట్లో చిన్న మాట కాదు.

"ముందు మొత్తం చూపించు" అన్నాను. చూపించాడు. డి సగం నిండి ఉన్నాది. ఇ ఖాళీ. ఎఫ్ ఖాళీ.

"ఈ రెండూ ఏటి?"

"ఏమో బాబాయ్. ఎప్పుడూ తెరవలేదు. కంపెనీవోళ్లవేమో అనుకున్నాను."

కంపెనీవోళ్లవి కావు నాయనా, మీయే. మీ నాన్న డబ్బులిచ్చి కొన్న డిస్కులో సగం పైన, అంటే దగ్గర దగ్గర 245 జీబీ, రెండేళ్లుగా బీడు పడి ఉన్నాది. ఒక మడి ఎండిపోతా ఉంటే పక్క మడి చెరువులాగున్నాది. మధ్యన గట్టు. ఈ గట్టు సంగతే ఇవాళ మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మన పల్లెల్లోకి వస్తున్న పాత కంప్యూటర్లలో నేను చూసినవాటికి చాలావాటికి ఇదే కథ.

డబ్బా లోపలున్న డిస్కు ఒక్కటే. సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు కనిపిస్తే లోపల నాలుగు డిస్కులున్నాయని కాదు. ఒక్క పొలాన్నే నాలుగు ముక్కలు చేసి గట్లేసారు. ఈ ముక్కనే పార్టిషన్ అంటారు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాదో రాసిన పట్టీ ఒకటి డిస్కు మొదట్లో ఉంటాది. మనకి అడంగల్ ఉన్నట్టే, దానికి పార్టిషన్ టేబుల్. పాతకాలం పద్ధతిని ఎంబీఆర్ అంటారు. డిస్కు మొట్టమొదటి 512 బైట్ల గదిలో, అందులోనూ 64 బైట్లలో ఈ లెక్కంతా రాసుకుంటాది. ఒక్కో ముక్కకి 16 బైట్లు, అంచేత నాలుగు ముక్కలకే చోటు. ఐదోది కావాలంటే ఒక ముక్కని 'ఎక్స్‌టెండెడ్' అని పెట్టి దాంట్లో మళ్లీ చిన్న చిన్న కమతాలు చెయ్యాల. కొత్త పద్ధతి జీపీటీ. విండోస్‌లో 128 ముక్కల వరకూ రాసుకోవచ్చు, పైగా పట్టీ నకలు ఒకటి డిస్కు చివర కూడా దాచి ఉంచుతాది. అడంగల్ మన దగ్గరొకటి, తాసిల్దారు ఆఫీసులో ఒకటి ఉన్నట్టన్న మాట.

సి తోటే ఎందుకు మొదలైంది, ఎ, బి ఏమైనాయి అని ఆ కుర్రోడి చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఎ, బి రెండూ ఫ్లాపీలకి ఇచ్చీసారు. ఫ్లాపీలు పోయినా ఆ అక్షరాలు మాత్రం పాత కరణంగారి కుర్చీలాగ అలాగే ఉండిపోయాయి.

మరి ముక్కలెందుకు చేసినారు? 1990ల మధ్యదాకా ఇళ్లల్లోని కంప్యూటర్లు వాడిన ఫ్యాట్16 పద్ధతిలో ఒక్కో ముక్క 2 జీబీ దాటేది కాదు. డిస్కు అంతకంటే పెద్దదైతే ముక్కలు చెయ్యక తప్పేది కాదు. 1996లో ఫ్యాట్32 వచ్చింది, 2001లో ఎక్స్‌పీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇళ్లల్లోకి వచ్చింది. ఆ హద్దు పోయింది, అలవాటు మాత్రం మిగిలిపోయింది. షాపోళ్లని ఊరికే ఆడిపోసుకోను. ఒక మంచి కారణం ఇప్పటికీ ఉన్నాది. విండోస్ పాడైతే సి ని చెరిపి మళ్లీ ఎక్కిస్తారు, అప్పుడు డి లో ఉన్న ఫోటోలు, కాయితాలు బతుకుతాయి. అది నిజమే. కానీ నాలుగు సమానమైన ముక్కలు కోసి, సి కి 100 జీబీ మాత్రం పడేసి, ఏది ఎందుకో ఒక్క మాట చెప్పకుండా డబ్బా మన చేతిలో పెడితే, ఆ జాగా ఉన్నా మనకి లేనట్టే కదేటి?

ఇంకో అనుమానం కూడా తీర్చీసి ముందుకెల్దాం. 500 జీబీ డిస్కు అని డబ్బు తీసుకొని 465 చూపిస్తన్నాడు, 35 జీబీ మింగేసారని చాలామంది అంటారు. ఎవులూ మింగలేదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో జీబీ అంటే 107 కోట్ల పైచిలుకు. కొలిచే కుంచం వేరు, అంతే.

సరే, ఆళ్లమ్మ టీ ఇస్తే తాగుతున్నాను. ఈలోగా మావోడు ఎక్కడో వీడియోలో చూసినట్టున్నాడు, స్టార్ట్ బొమ్మ మీద కుడి క్లిక్కు కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచీసాడు. ఇ మీద కుడి క్లిక్కు, 'డిలీట్ వాల్యూమ్', 'యెస్'. ఇ పోనాది. ఆ చోట నల్లటి పట్టీతో 'అన్‌ఎలొకేటెడ్' అని వచ్చింది. అంటే ఎవరి పేరూ లేని భూమి. తర్వాత సి మీదకొచ్చి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కబోయాడు. అది బూడిద రంగులో పడుకుని ఉన్నాది, నొక్కితే పలకదు.

"ఇదేటి బాబాయ్, జాగా ఉన్నాది కదా? డి కూడా తీసీమంటావేటి?" అని మౌసు డి మీదకి తీసుకెల్లాడు.

"ఆగరా నాయనా!" అని అరిచాను. టీ ఒలికింది.

ఆడి డి లో ఏటున్నాదో తెలుసా? నాన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, ఇద్దరి టెన్త్ మార్కుల లిస్టులు, కుల ధ్రువీకరణ పత్రాలు, చనిపోయిన నానమ్మ ఫోటోలు. నానమ్మవి ఇంకెక్కడా లేవు.

ఎందుకు అరిచానో చెప్పాలంటే నా పాపం ఒకటి ఒప్పుకోవాల. పదిహేనేళ్ల కిందటి మాట. మేము పనిచేసే సంఘానికి ఎవరో ఒక పాత కంప్యూటర్ ఇచ్చారు. నాట్లేసినప్పుడు ఆడోళ్లు పాడే పాటలు నాలుగైదు ఊళ్లు తిరిగి రికార్డు చేసాం. ముసలమ్మలు నోరారా పాడారు. ఒక కార్యకర్త దాంట్లో లినక్స్ ఎక్కించి, ఆ రికార్డులన్నీ అటువైపు దాచాడు. నాకు ఆ సంగతి తెలీదు. నాకు విండోస్ ఒక్కటే వచ్చు, అదీ అంతంత మాత్రం. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అక్షరం లేదు, పేరు లేదు, 40 జీబీ ముక్క ఒకటి కనిపించింది. విండోస్ లినక్స్ ముక్కని చదవలేదు, అంచేత దాంట్లో సరుకు ఎంతున్నా మనకి ఏమీ చూపించదు. ఖాళీ అనుకున్నాను. తీసీసాను, ఫార్మాట్ కొట్టాను, సినిమాలతో నింపాను. మర్నాడు మెషీను ఆన్ చేస్తే నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని నిలబడిపోయింది. ఆ బూటింగ్ సరుకు కూడా నేను తీసీసిన ముక్కలోనే ఉన్నాదని తర్వాత తెలిసింది. విండోస్‌ని ఎలాగో బతికించాం. పాటలు పోనాయి. ఆ పాడినోళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. దీనికి ఇంకెవర్నీ అనడానికి లేదు, నా చేత్తో నేనే చేసాను.

అంచేత మొదటి ప్రశ్న 'ఎలా తీసీడం' కాదు, 'ఇది నిజంగా ఖాళీయేనా' అన్నది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం లేని చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. 100 జీబీ మడుల పక్కన 100 ఎంబీ గుంత ఎందుకని తీసీబుద్దేస్తాది. ముట్టుకోకండి. 'ఈఎఫ్ఐ సిస్టమ్' అని రాసుంటే అది మెషీను లేవడానికి తాళం చెవి. అది పోతే విండోస్ మొత్తం ఉన్నా లేవదు. 'రికవరీ' అని ఉంటే విండోస్ పడిపోయినప్పుడు లేపే మందు పెట్టె. ఈ రికవరీ చిన్నదైనా ఇబ్బందే. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ పంపిన ఒక అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో ఎక్కకుండా మొరాయించింది. కారణం ఏటంటే రికవరీ ముక్కలో దానికి కావలసిన 250 ఎంబీ ఖాళీ లేదు. అంత చిన్న ముక్కకి అంత పని ఉన్నాది. బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో అయితే కంపెనీ తన రికవరీ కోసం 10, 20 జీబీ ముక్క కూడా పెడతాది. మొదటిరోజు ఉన్న స్థితికి తెచ్చుకోవాలంటే అదే దిక్కు. పెన్‌డ్రైవులో రికవరీ తయారు చేసుకోకుండా దాన్ని కదపొద్దు.

ఇక నాలాగ లినక్స్ ముక్క. ఒక్కోసారి దానికి విండోస్ అక్షరం ఇచ్చీసి, మీరు తెరవబోతే "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాల" అని అడుగుతాది. బడి నుంచో, ఆఫీసు నుంచో వచ్చిన పాత మెషీన్లలో ఇది ఎక్కువ చూస్తాం. 'క్యాన్సిల్' కొట్టి, ఆ మెషీను ఇంతకుముందు ఎవరు వాడారో అడగండి.

అక్షరం ఉన్న ముక్కే ఖాళీగా కనిపిస్తే? దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా 'వ్యూ'లో 'హిడెన్ ఐటమ్స్' టిక్కు పెట్టి చూడండి. వాడిన జాగా ఎంతో ప్రాపర్టీస్‌లో చూడండి. పైకి ఏమీ లేదుగానీ 30 జీబీ వాడినట్టుంటే ఏదో దాగున్నాదన్న మాట. అప్పటికీ అనుమానం తీరకపోతే నేను ఇప్పుడు చేసే పని ఒకటి ఉన్నాది. ముక్కని తీసీను, దాని అక్షరం మాత్రం తీస్తాను. కుడి క్లిక్కులో 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్', అందులో 'రిమూవ్'. సరుకు ఎక్కడిదక్కడే ఉంటాది, తలుపు మాత్రం మూసినట్టు. ఒక వారం వాడి చూడండి. ఏ ప్రోగ్రామూ ఏడవలేదు, ఇంట్లో ఎవులూ "నా ఫైలేదీ" అని అడగలేదు అంటే అది నిజంగా ఖాళీయే. ఎవరైనా అడిగితే అక్షరం మళ్లీ ఇచ్చీడమే. సి తోటి మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ఇప్పుడు మావోడి బూడిదరంగు మీట సంగతి. సి పెరగాలంటే దానికి ఆనుకుని, కుడివైపున ఖాళీ నేల ఉండాల. విండోస్ సొంత పనిముట్టుకి తెలిసింది అదొక్కటే. మనోడు ఇ ని తీసాడు. సి కి, ఆ ఖాళీకి మధ్యన డి ఉన్నాది. మధ్య మడి దాటి గట్టు జరపలేం కదా. అంచేత మీట పలకలేదు. కొన్ని మెషీన్లలో సి పక్కనే రికవరీ ముక్క కూర్చుని ఇదే పని చేస్తాది. పాత ఎంబీఆర్ డిస్కుల్లో ఇంకో మాయ. ముక్కల చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే అవి ఎక్స్‌టెండెడ్ లోపలివి. అందులో ఒకటి తీస్తే నల్లటి పట్టీ రాదు, లేత పచ్చగా 'ఫ్రీ స్పేస్' అని వస్తాది. ఆ నేల ఆ కంచె లోపలే పనికొస్తాది, సి కి రాదు.

జిపార్టెడ్ లాంటి ఉచిత పనిముట్లు పెన్‌డ్రైవు నుంచి నడిపిస్తే డి ని కుడివైపు జరిపి మధ్యలో జాగా చేస్తాయి. బాగా పనిచేస్తాయి, నేనూ వాడాను. కానీ జరపడం అంటే గట్టు మీద గీత మార్చడం కాదు, లోపలి సరుకంతా బస్తా బస్తా మోసి పక్కన పెట్టడం. గంటలు పడతాది. మధ్యలో కరెంటు పోతే సగం మోసిన బస్తా ఏదో, మొయ్యనిది ఏదో దానికే తెలీదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్, మన ఊళ్ల కరెంటు. ఈదురుగాలి కొడితే చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో కూచున్న ఊళ్లు మనవి. బ్యాటరీ బాగున్న లాప్‌టాప్ అయితే సరే. లేకపోతే ఈ పని వద్దనే చెప్తాను.

మొయ్యకుండా చెయ్యగల తోవ ఒకటి ఉన్నాది. డి లో సరుకంతా ఖాళీగున్న ఇ లోకి కాపీ కొట్టాల. కట్ కాదు, కాపీ. నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోవాల. ముఖ్యమైనవి పెన్‌డ్రైవులో కూడా పెట్టుకోవాల. డి లో ఏ ప్రోగ్రామూ ఎక్కించి లేదని చూసుకోవాల. అప్పుడు డి ని తీసీస్తే సి పక్కన నేల ఖాళీ అవుద్ది, ఎక్స్‌టెండ్ పలుకుతాది. తీసీడం, పెంచడం రెండూ క్షణాల పని, ఎందుకంటే ఇక్కడ మారేది పట్టీలో రాత మాత్రమే. ఖాళీ ముక్క మనకి పనికొచ్చేది ఇలాగ, సరుకు దింపుకునే కళ్లంలాగ. విండోస్ 11 లాప్‌టాప్‌లలో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండొచ్చు. గట్ల జోలికెల్లే ముందు ఆ రికవరీ కీ కాయితం మీద రాసి పెట్టుకోండి.

పొరపాటున తీసీకూడని ముక్క తీసీస్తే? చెయ్యి వెనక్కి తీసుకోండి. ఏమీ రాయకండి, ఫార్మాట్ కొట్టకండి, ఏమీ డౌన్‌లోడ్ చెయ్యకండి. అడంగల్లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పైరు వెంటనే పోదు. టెస్ట్‌డిస్క్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉన్నాది, పోయిన ముక్క హద్దులు వెతికి పట్టీలో మళ్లీ రాయగలదు. దాన్ని వేరే డిస్కు నుంచో, పెన్‌డ్రైవు నుంచో నడపాల. తిరిగే డిస్కు అయితే ఆశ ఎక్కువ. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ కొట్టిన వెంటనే ట్రిమ్ అనే పద్ధతి లోపల శుభ్రంగా ఊడ్చీస్తాది, తర్వాత ఎవులూ ఏమీ చెయ్యలేరు. ఆ పాటల సంగతిలో నాకిది ముందే తెలిసుంటే సినిమాలు నింపకుండా ఆగేవాణ్ణి.

మరి ఆ ఇంట్లో చివరికి ఏం చేసాం? గట్టు ఒక్కటీ కొట్టలేదు. మావోడు తీసీసిన ఇ ని అదే చోట 'న్యూ సింపుల్ వాల్యూమ్' అని మళ్లీ కట్టాం. అది ముందే ఖాళీ గనక నష్టం లేదు. తర్వాత సి ఎందుకు నిండిందో చూసాం. డౌన్‌లోడ్స్‌లో 31 జీబీ, వీడియోల ఫోల్డర్లో 20 పైన. డౌన్‌లోడ్స్ మీద కుడి క్లిక్కు, ప్రాపర్టీస్, 'లొకేషన్' అని ఉంటాది. ముందు ఇ లో డౌన్‌లోడ్స్ అని ఒక ఫోల్డర్ కట్టి, అక్కడికి 'మూవ్' అన్నాం. వీడియోలకీ అలాగే ఇంకో ఫోల్డర్. ఉత్తి ఇ అని డ్రైవునే చూపిస్తే ఆ ముక్క మొత్తం డౌన్‌లోడ్స్ అయి కూర్చుంటాది, చిక్కు. ఇకమీదట ఏది దించుకున్నా ఇ లోనే పడతాది. డిస్క్ క్లీనప్‌లో పాత అప్‌డేట్ల చెత్త తీసాం. సి లో 58 జీబీ ఖాళీ వచ్చింది. మూడు వేలు జేబులోనే ఉన్నాయి. మీలో చాలామందికి ఇంతే సరిపోద్ది, ముక్కల జోలికి ఎల్లక్కర్లేదు.

పేర్లు కూడా పెట్టాం. ముక్క మీద కుడి క్లిక్కు, రీనేమ్. తెలుగులోనే రాయొచ్చు. డి కి 'ఇంటి కాయితాలు', ఇ కి 'దించినవి'. ఇది అలంకారం కాదు. విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ తెర మీద సి, డి అని కనపడదు. 'డ్రైవ్ 0 పార్టిషన్ 3' అని, పక్కన మనం పెట్టిన పేరు, సైజు చూపిస్తాది. చాలా ఇళ్లలో ఫోటోలు పోయేది అక్కడే. అంచేత ఏ ముక్క ఎంత సైజో, దాంట్లో ఏటున్నాదో ఒక కాయితం మీద రాసి డబ్బాకి అంటించాం.

"డి లో ఉన్నాయి కదా, ఇ లో ఇంకో నకలుంటే చాలదా?" అని చెల్లి అడిగింది. చాలదమ్మా. గట్లు ఎన్నున్నా పొలం ఒక్కటే, వరదొస్తే అన్నీ మునుగుతాయి. డిస్కు కాలిపోతే ఎ నుంచి జెడ్ వరకూ అన్నీ ఒకేసారి పోతాయి. నానమ్మ ఫోటోలు, పాసుపుస్తకం స్కాన్లు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవు ఆళ్ల పెద్దమ్మ ఇంట్లో పెట్టమన్నాను.

ఎఫ్ మిగిలింది, 125 జీబీ. ఆ మెషీను విండోస్ 10 ది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపీసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలంటంది, ఈ పాత డబ్బాలో అది లేదు. డబ్బా పారీసి కొత్తది కొనుక్కోమనే కదా ఆళ్ల మాట. సి ని కదపకుండా ఎఫ్ జాగాలో లినక్స్ ఎక్కించుకోవచ్చు. సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ ఉన్నాది, తెలుగులో లినక్స్ కోసం స్వేచ్ఛ సంస్థ వాళ్లు పనిచేసారు, ఉబుంటు ఉన్నాది. ఏదైనా ఉచితమే. ఎక్కించేటప్పుడు 'డిస్కు మొత్తం చెరుపు' అన్న మీట ఒకటి అడుగుతాది, అది మాత్రం నొక్కకూడదు. ముందు పెన్‌డ్రైవు నుంచి ఊరికే నడిపి చూసి, నచ్చితేనే ఎఫ్ ఇస్తాం.

వచ్చే ఆదివారం రమ్మన్నారు. ఈసారి మౌసు చెల్లి చేతిలో ఉంటాదట. టీ నేను చివర్లో తాగుతానని చెప్పాను.